రజాకార్, పాకీ: ఒరంగీ గల్లీల సఫాయీ చరిత్ర

ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చి పాడైపోయిన మాటలు రెండున్నాయి. ఒకటి రజాకార్. రెండోది పాకీ.

రజా అంటే మర్జీ, ఇష్టం. కార్ అంటే పని. ఎవరి జబర్దస్తీ లేకుండా, ఉజ్రత్ అడగకుండా, తన మర్జీతో పనిచేసేవాడు రజాకార్. సైలాబ్ వచ్చినప్పుడు ముసలివాళ్ళను వీపున మోసుకొచ్చేవాడు, ఉర్సులో జనాన్ని వరసలో నిలబెట్టేవాడు, ఇజ్తెమాలో వచ్చినవాళ్ళకు నీళ్ళు అందించేవాడు, లుగత్ ప్రకారం అందరూ రజాకార్లే. తెలుగులో మాత్రం ఆ మాట 1947-48లో ఖాసిం రజ్వీ దళం తెలంగాణ పల్లెల్లో చేసిన జుల్ముకు పేరుగా మిగిలింది. ఆ వెంటనే వచ్చిన పోలీస్ యాక్షన్ రోజుల్లో, ఆ దళంతో ఏ సంబంధమూ లేని ముసల్మానులు కూడా వేల సంఖ్యలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో ఫౌజ్ నిలబెట్టిన సహాయక దళానికీ ఇదే పేరు పెట్టారు. అందుకే బంగ్లాదేశ్‌లోనూ అది తిట్టే.

ఇక రెండో మాట. పాక్ అంటే శుభ్రం. పాకీ అంటే శుభ్రత. నమాజుకు నిలబడే ముందు బట్టలు పాక్‌గా ఉన్నాయా లేదా అని మనం ఇప్పటికీ చూసుకుంటాం. అదే మాట తెలుగులో మరుగుదొడ్డి ఎత్తే మనిషికి పేరైంది, తర్వాత తిట్టయింది. మన మురికిని శుభ్రం చేసే మనిషికే ఆ మురికిని అంటగట్టాం.

ఈ రెండు మాటల అసలు అర్థం ఏమిటో చేతలతో చూపించిన ఒక బస్తీ ఉంది. అది కరాచీలో ఉంది. పేరు ఒరంగీ. కరాచీ అనగానే మన చుట్టుపక్కల కొందరు మొహం చిట్లిస్తారని తెలుసు. అయినా వాన పడితే నాలా పొంగే తీరు అక్కడా ఇక్కడా ఒకటే. వాళ్ళు చేసిన పనిలో మన మొహల్లాలకు పనికొచ్చే సబఖ్ ఉంది. వాళ్ళకు ఎదురైన నష్టంలో కూడా ఉంది.

రెండు హిజ్రత్‌ల బస్తీ

ఒరంగీ కరాచీకి వాయవ్య దిక్కున ఉన్న కచ్చీ ఆబాదీ. 1965 ప్రాంతంలో మొదలైంది. 1971 జంగ్ తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బీహారీ కుటుంబాలతో ఒక్కసారిగా పెరిగింది. 1947లో బీహార్ వదిలి తూర్పు బెంగాల్ వెళ్ళినవాళ్ళు, పాతికేళ్ళకు అక్కడా నిలవలేక కరాచీ చేరారు. ఒక జిందగీలో రెండు హిజ్రత్‌లు. వాళ్ళ పక్కనే పఠాన్లు, పంజాబీలు, సింధీలు, బలూచీలు, వాళ్ళకన్నా ముందొచ్చిన ముహాజిర్లు. జమీను సర్కారుది. ప్లాట్లు గీసి అమ్మింది దలాల్లు. చేతిలో పక్కా కాగితం లేదు కాబట్టి సర్కారు లెక్కలో ఆ గల్లీలు లేవు. లెక్కలో లేని గల్లీకి డ్రైనేజీ ఎవరు వేస్తారు?

1980 నాటికి అక్కడ లక్షల మంది ఉన్నారు. చాలా ఇళ్ళలో పాయఖానా అంటే కింద ఒక బకెట్. కొన్ని రోజులకోసారి ఒక మనిషి వచ్చి దాన్ని ఎత్తి, దగ్గర్లోని ఖాళీ జాగాలో పారబోసేవాడు. కొంచెం డబ్బున్నవాళ్ళు గుంత తవ్వించుకునేవారు. అది కొన్నేళ్ళకే నిండిపోయేది. వంటింటి నీళ్ళు, స్నానం నీళ్ళు అన్నీ గల్లీలోకే. టైఫాయిడ్, మలేరియా, పసిపిల్లలకు విరేచనాలు. గోడలకు తేమ పట్టేది. వుజూ చేసి ఇంట్లోంచి బయల్దేరిన మనిషికి, మస్జిద్ చేరేలోపు బట్టలు పాక్‌గా ఉంటాయన్న భరోసా లేదు.

తహారత్‌ను ఈమాన్‌లో సగంగా చెప్పిన హదీసు అక్కడివాళ్ళకూ కంఠతా వచ్చు. దారిలోంచి తక్లీఫ్ ఇచ్చేదాన్ని తీసేయడం ఈమాన్‌లో భాగమనీ తెలుసు. తెలిసినంత మాత్రాన గల్లీలో నీళ్ళు కదల్లేదు.

ఐసీఎస్ వదిలిన మనిషి

1980 ఏప్రిల్‌లో అఖ్తర్ హమీద్ ఖాన్ ఒరంగీలో పని మొదలుపెట్టినప్పుడు ఆయన వయసు 65. 1914లో ఆగ్రాలో పుట్టారు. 1936లో ఐసీఎస్‌లో చేరారు. బెంగాల్ కహత్ రోజుల్లో లక్షల మంది ఆకలితో చనిపోతుంటే అంగ్రేజ్ సర్కారు నడిచిన తీరు చూసి, 1945లో ఆ నౌకరీ వదిలేశారు. అలీగఢ్ దగ్గర ఒక పల్లెలో కూలీగా, తాళాలు చేసే కారీగర్‌గా బతికారు. ఢిల్లీలో జామియా మిల్లియాలో పాఠాలు చెప్పారు. 1950లో పాకిస్తాన్ వెళ్ళి తూర్పు బెంగాల్‌లోని కొమిల్లాలో కాలేజీ ప్రిన్సిపాల్ అయ్యారు. 1959లో అక్కడ మొదలైన గ్రామాభివృద్ధి అకాడమీ ఆయన పేరును దునియాకు చెప్పింది. 1963లో మెగసెసే అవార్డు వచ్చింది.

ఆయన మామగారు అల్లామా మష్రిఖీ. 1931లో లాహోర్‌లో ఖాక్సార్ తహ్రీక్ పెట్టినవారు. ఖాకీ బట్టలు, భుజాన బేల్చా, మతం చూడకుండా మొహల్లాకు ఖిద్మత్, ఇవి ఆ తహ్రీక్ గుర్తులు. కానీ బేల్చా త్వరలోనే కవాతు సామాను అయింది. 1940 మార్చిలో లాహోర్‌లో పోలీసు కాల్పులకు పదుల మంది ఖాక్సార్లు బలయ్యారు. అఖ్తర్ హమీద్ ఖాన్ కొంతకాలం ఆ తహ్రీక్‌లో ఉండి బయటికొచ్చారు. నలభై ఏళ్ళ తర్వాత ఒరంగీలో ఆయన మాట విని జనం పార పట్టారు. ఈసారి అది గల్లీ నేలను తవ్వడానికి.

ఆయనను ఒరంగీకి పంపింది బీసీసీఐ బ్యాంకు స్థాపకుడు ఆగా హసన్ ఆబిదీ. బ్యాంకు సొమ్ము ఉంది కాబట్టి ఖైరాత్ పంచి ఫొటోలు దిగడం తేలిక. ఖాన్ సాబ్ ఆ దారి పట్టలేదు. మొదటి నెలలన్నీ గల్లీల్లో తిరిగారు. జనం ఏమంటున్నారో విన్నారు. అందరి నోటా మొదట వచ్చింది మురికినీళ్ళ గోడే. ఈ ప్రయత్నానికి ఒరంగీ పైలట్ ప్రాజెక్ట్ అని పేరు పెట్టారు.

నాలుగు అడ్డంకులు

గల్లీవాళ్ళు ఈ పనిని తామే ఎందుకు చేసుకోలేకపోతున్నారని ఖాన్ సాబ్ ఆలోచించారు. నాలుగు అడ్డంకులు కనిపించాయి.

మొదటిది మనసులో ఉంది. డ్రైనేజీ సర్కారు వేయాలి, అదీ ముఫ్త్‌గా వేయాలి అనే నమ్మకం. ప్రతి ఎలక్షన్‌లో ఎవరో ఒకరు వాదా చేస్తారు, జనం ఎదురు చూస్తారు. ఆ వాదా నిజమయ్యేలోపు ఒక తరం పిల్లలు ఆ నీళ్ళలోనే పెరుగుతారు.

రెండోది డబ్బు. సర్కారీ రేటుతో డ్రైనేజీ వేస్తే ఒక మజ్దూర్ కుటుంబం ఎన్నటికీ కట్టుకోలేదు. ఆ రేటులో కాంట్రాక్టర్ మునాఫా ఉంది, పైవాళ్ళ కమీషన్ ఉంది, అక్కర్లేనంత బరువైన డిజైన్ ఉంది. వీటిని తీసేస్తే ఖర్చు ఎంతకు దిగుతుందో లెక్క కట్టారు. పాయఖానా, గల్లీ పైపుతో కలిపి ఒక్కో ఇంటికి ఆ రోజుల్లో సుమారు 1000 రూపాయలు పడింది. అది పేద కుటుంబం కూడా పోగు చేసుకోగల మొత్తం.

మూడోది హునర్. పైపుకు వాలు ఎంత ఇవ్వాలి, మ్యాన్‌హోల్ ఎట్లా కట్టాలి అన్నది గల్లీవాళ్ళకు తెలియదు. దీనికోసం ప్రాజెక్టు సర్వే చేసేవాళ్ళను పెట్టింది. గల్లీ కొలిచి, వాలు చూసి, నక్షా గీసి, ఖర్చు అంచనా కట్టి చేతికిచ్చింది. పనిముట్లు, మ్యాన్‌హోల్ పోసే స్టీలు సాంచాలు అరువిచ్చింది.

నాలుగోది ఇత్తెహాద్. అన్నిటికన్నా కష్టమైనది ఇదే. బస్తీ మొత్తాన్ని ఒక్కటి చేయాలంటే లీడర్లు కావాలి. లీడర్లు వస్తే పార్టీలు వస్తాయి. అందుకే ఖాన్ సాబ్ బస్తీని వదిలేసి గల్లీని పట్టుకున్నారు. ఒక్కో గల్లీలో పదిహేను నుంచి ముప్ఫై దాకా ఇళ్ళు. అక్కడ అందరి మొహాలూ అందరికీ తెలుసు. ఎవరి ఇంట్లో జ్వరం, ఎవరి ఇంట్లో నికా, ఎవరు మాట మీద నిలబడతారు, అన్నీ తెలుసు.

గల్లీ తనలోంచి ఒకరిని మేనేజర్‌గా ఎన్నుకుంటుంది. ఆ మనిషికి జీతం లేదు. ఇంటింటికీ తిరిగి డబ్బు పోగు చేయడం, హిసాబ్ రాయడం, పని రోజు అందరినీ బయటికి రప్పించడం ఆయన జిమ్మెదారీ. ప్రాజెక్టువాళ్ళు ఆ డబ్బును చేత్తో ముట్టలేదు. డబ్బు గల్లీది, గల్లీలోనే అమానత్‌గా ఉంటుంది. డబ్బు ఇవ్వని ఇంటిని ఒప్పించడం కూడా గల్లీ పనే. ప్రాజెక్టు ఆ తగాదాల్లో తలదూర్చలేదు. మన మస్జిద్ కమిటీలు జుమ్మా చందా ఎంత వచ్చిందో బోర్డు మీద రాసిపెడతాయి కదా. ఎందుకు రాస్తాయో తెలిసినవాళ్ళకు ఒరంగీ గల్లీ ఎందుకు నిలబడిందో విడిగా చెప్పనక్కర్లేదు.

పగిలిన పైపులు, హౌదీ

మొదటి గల్లీలు అన్నీ సజావుగా సాగలేదు. జోష్‌తో తవ్వారు, జోష్‌తో పోశారు. కాంక్రీటు పాళ్ళు తప్పాయి, పోసిన తర్వాత సరిగా నీళ్ళు పట్టలేదు, మ్యాన్‌హోళ్ళు నాసిగా వచ్చాయి. ఆర్కిటెక్ట్ ఆరిఫ్ హసన్ వచ్చి పరిశీలించి, పనిముట్లు మార్చి, మేస్త్రీలకూ గల్లీ మేనేజర్లకూ శిక్షణ ఇప్పించారు. నీయత్ మంచిదైనంత మాత్రాన పైపు నిలవదని అప్పుడు తెలిసింది.

డిజైన్‌లో వచ్చిన ఒక చిన్న మార్పు గురించి చెప్పాలి. పాయఖానాకూ గల్లీ పైపుకూ మధ్య ఒక చిన్న తొట్టి కట్టారు. దాన్ని హౌదీ అన్నారు. మస్జిద్ హౌజ్‌కు చెల్లెలు లాంటి మాట. గట్టి మలినం అందులో ఆగుతుంది, నీళ్ళు మాత్రమే పైపులోకి వెళ్తాయి, పైపు మూసుకుపోదు. ఆ తర్వాతి సఫాయీ కూడా గల్లీదే. ఎక్కడ అడ్డుపడిందో చూసుకుని, తెరిచి, తీసుకోవాలి.

ఒక గల్లీ పొడిగా మారితే పక్క గల్లీ చూసేది. ఏ ఉపన్యాసమూ చేయలేని పని ఆ చూపు చేసింది. నీళ్ళు నిలవని గల్లీల్లో జనం తర్వాత రాళ్ళు పరిచారు, సిమెంటు వేశారు, ఇళ్ళు బాగు చేసుకున్నారు. 2000 సంవత్సరం దాటేసరికి ఒరంగీలో సుమారు 6 వేల గల్లీలు, 90 వేలకు పైగా ఇళ్ళు ఇట్లా సొంత డబ్బుతో, సొంత రజాతో డ్రైనేజీ వేసుకున్నాయి. బకెట్ పాయఖానాలు ఆ గల్లీల నుంచి పోయాయి.

బకెట్ ఎత్తిన మనిషి

ఇక్కడ పాకీ అనే రెండో మాటకు రావాలి. బకెట్ పోయిందంటే, దాన్ని ఎత్తే పని కూడా పోయింది. సఫాయీ చరిత్రలో మనం త్వరగా దాటేసే సంగతి ఇదే.

మల్లెత్తే మనుషులకు హలాల్‌ఖోర్ అని పేరు పెట్టింది అక్బర్ బాద్‌షా అని అబుల్ ఫజల్ ఆయినె అక్బరీలో రాశాడు. హలాల్ రోజీ తినేవాడు అని గౌరవంగా పెట్టిన పేరు. పేరు మారింది కానీ దర్జా మారలేదు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా హలాల్‌ఖోర్, లాల్‌బేగీ బిరాదరీలను అర్జల్ అని కింద కూర్చోబెట్టినవాళ్ళు మన ముసల్మానుల్లోనే ఉన్నారు. మసావాత్ గురించి ఖుత్బా విని వచ్చి, గ్లాసు వేరు పెట్టిన ఇళ్ళున్నాయి. పాకిస్తాన్‌లో పరిస్థితి మెరుగ్గా ఏమీ లేదు. అక్కడ ఈ పని ఎక్కువగా క్రైస్తవుల మీద, హిందూ దళితుల మీద పడింది. ఈ నౌకరీకి ముస్లిమేతరులే కావాలని సర్కారీ ఇష్తిహార్లు కూడా వచ్చేవి. ఇక్కడ మన హైదరాబాద్‌లో వీధి ఊడ్చేవాళ్ళలో, మ్యాన్‌హోల్‌లో దిగేవాళ్ళలో అత్యధికులు దళితులు. మనిషి చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో మళ్ళీ ఒక చట్టం చేయాల్సి వచ్చిందంటే, అంతకుముందు చేసిన చట్టం ఎంత పనిచేసిందో తెలుస్తోంది.

ఒరంగీ గల్లీవాళ్ళు ఈ సమస్య మొత్తం తీర్చలేదు. కానీ తమ గల్లీ వరకు, తమ మురికిని మోసే బరువును ఇంకో మనిషి నెత్తి మీద నుంచి దించారు. పాకీ అనే మాటకు నిజమైన అర్థం అక్కడ దొరుకుతుంది.

గల్లీ చివర ఏముంది

ఒరంగీ పద్ధతిలో ఒక స్పష్టమైన వాటా ఉంది. ఇంట్లో పాయఖానా, గల్లీలో పైపు, గల్లీలను కలిపే చిన్న కాలువ, ఇవి జనం వాటా. ఆ నీళ్ళను ఊరి బయటికి తీసుకెళ్ళే పెద్ద పైపు, శుద్ధి చేసే ప్లాంటు సర్కారు వాటా. జనం తమ వాటా చేశారు. సర్కారు వాటా చాలాకాలం రాలేదు. గల్లీ పైపులు వాన నీటి నాలాల్లో కలిశాయి. ఆ నీళ్ళు అట్లాగే సముద్రంలోకి వెళ్ళాయి. ఈ విమర్శ నిజమే. ఒరంగీ మిత్రులు కూడా దాన్ని దాచలేదు.

దీని మీద ఎక్కువ పనిచేసింది పర్వీన్ రహ్మాన్. 1957లో ఢాకాలో పుట్టిన బీహారీ అమ్మాయి. ఆర్కిటెక్చర్ చదివి 1983లో ఈ పనిలో చేరారు. కుర్రాళ్ళను వెంటేసుకుని కరాచీ నాలాల నక్షాలు గీయించారు. ఏ బస్తీ నీళ్ళు ఎటు పోతున్నాయో సర్కారుకే తెలియని చోట, కాగితం మీద గీసి చూపించారు. నాలాలు ఎట్లాగూ డ్రైనేజీగా మారాయి కాబట్టి వాటినే పక్కాగా కట్టమని వాదించారు. నీళ్ళ చోరీ మీద, భూముల కబ్జా మీద కూడా ఆమె బృందం లెక్కలు తీసింది. 2013 మార్చి 13న ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుండగా ఆమెను కాల్చి చంపారు. ఖాన్ సాబ్‌ను కూడా వదల్లేదు. చివరి రోజుల్లో ఆయన మీద తౌహీన్ ఇల్జాములు వేసి కోర్టుల చుట్టూ తిప్పారు. 1999 అక్టోబరు 9న ఆయన ఇంతెఖాల్ అయ్యారు. గల్లీ ఊడ్చడం మాసూమ్ పనిలా కనిపిస్తుంది. లెక్క రాసి, నక్షా గీసి, ఈ వాటా మీది అని చూపిస్తే మాత్రం చాలామందికి కోపం వస్తుంది.

2020 ఆగస్టులో కరాచీ మీద రికార్డు వాన పడింది. నగరం మునిగింది. దానికి జవాబుగా 2021లో గుజ్జర్ నాలా, ఒరంగీ నాలా ఒడ్డున ఉన్న వేల ఇళ్ళను కూల్చారు. దశాబ్దాలుగా అక్కడే బతికిన కుటుంబాలు రోడ్డున పడ్డాయి. నాలా ఇరుకైంది నిజమే. కానీ కూలింది మాత్రం ముందుగా పేదల గోడే.

మూసీ ఒడ్డున మనం

అదే 2020లో, రెండు నెలల తర్వాత, అక్టోబరులో మన హైదరాబాద్ మునిగింది. హఫీజ్ బాబా నగర్, అల్ జుబైల్ కాలనీ వంటి చోట్ల ఇళ్ళలో నడుముల దాకా నీళ్ళు, తర్వాత రోజుల తరబడి బురద. ఆ బురద తీయడానికి, అన్నం అందించడానికి ముందుగా వచ్చింది మొహల్లా కుర్రాళ్ళు, మస్జిద్ కమిటీలు. వాళ్ళను ఎవరూ రజాకార్లని అనలేదు. అనలేరు కూడా. చేసిన పని మాత్రం అదే.

ఈ నగరానికి ఇలాంటి యాది కొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ తుగ్యానీ వేల మందిని మింగింది. దాని తర్వాత విశ్వేశ్వరయ్య వచ్చారు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు, డ్రైనేజీ పథకం మొదలైంది. అది సర్కారు వాటా. ఏ గల్లీ తనంతట తాను ఉస్మాన్ సాగర్ కట్టలేదు. ఆ తర్వాత 1967లో మున్సిపల్ కార్పొరేషన్ ఇక్కడ బస్తీ కమిటీలతో, మహిళా మండలులతో పట్టణ సముదాయ అభివృద్ధి పథకం మొదలుపెట్టింది. ఒరంగీ కన్నా పదమూడేళ్ళ ముందు. యూనిసెఫ్, తర్వాత బ్రిటన్ సర్కారు ఇమ్దాద్ చేశాయి. కాబట్టి బస్తీ జనంతో కలిసి బస్తీని బాగుచేయడం మన దగ్గర లేని విద్య అనుకోనక్కర్లేదు. ఈమధ్య కూడా చూశాం. చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావిని పూడిక తీసి, బాగుచేసి, 2022 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. ఒకప్పుడు ముక్కు మూసుకుని దాటిన చోటుకు ఇప్పుడు పిల్లలను తీసుకెళ్ళి చూపిస్తున్నారు.

మన మొహల్లాల మురికి గురించి రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. బయటివాళ్ళు "వీళ్ళింతే, జాహిల్ కౌమ్" అంటారు. మనవాళ్ళు "సర్కారు మనల్ని పట్టించుకోదు" అంటారు. మొదటిది ఝూట్. రెండోదాంట్లో సచ్ ఉంది, కానీ అక్కడితో ఆగిపోతే అది సాకుగా మిగులుతుంది. ఒరంగీ ఈ రెండింటి మధ్య ఒక దారి చూపించింది. ముందు గల్లీని ఇత్తెహాద్ చేయాలి. హిసాబ్ అందరికీ కనపడాలి. చీపురు పట్టిన రోజు ఫొటోలు దిగి వెళ్ళిపోకుండా, తర్వాతి నెలలో ఎవరు చూస్తారో రాసుకోవాలి. మన మురికిని రోజూ ఎత్తే మనిషిని పేరుతో పిలవాలి, సలాం చేయాలి, ఆయన చేతికి గ్లవ్స్ ఉన్నాయో లేదో అడగాలి. ఆ తర్వాత గల్లీ చివరి నాలా నక్షా గీసుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి, మా వాటా అయింది, మీ వాటా ఏదని అడగాలి. తన వాటా చేసిన గల్లీ అడిగితే ఆ మాటకు వజన్ ఉంటుంది. కూల్చే రోజు వస్తే నిలబడడానికి ఆ నక్షా, ఆ హిసాబే ఆసరా.

రజాకార్ అనే మాట తెలుగులో మళ్ళీ పాక్ అవుతుందని నేను అనుకోవడం లేదు. ఆ మాట మోస్తున్న నెత్తురు చాలా ఉంది. మాట పోయినా పని మిగిలే ఉంది. ఈ వానాకాలం రాకముందే గల్లీలో ఒక ఇరవై ఇళ్ళవాళ్ళు ఇషా తర్వాత కూర్చుంటే, దాన్ని మొదలుపెట్టడానికి చాలు.